కుల్లాయి లేని రాయలు: మన చారిత్రక చిత్రాల్లో బట్టలు, కోటలు, పూలు

విజయనగరం వచ్చి శ్రీకృష్ణదేవరాయల్ని దగ్గర నుంచి చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆయన ఎలా ఉన్నాడో రాసిపెట్టాడు. 1520 ప్రాంతం నాటి మాట. మధ్యస్థమైన ఎత్తు, మంచి ఛాయ, సన్నం అనేకంటే కాస్త లావనిపించే ఒళ్లు, ముఖం మీద స్ఫోటకం మచ్చలు. ఒంటి మీద బంగారు గులాబీలు కుట్టిన తెల్లటి బట్టలు, మెడలో చాలా ఖరీదైన వజ్రాల పతకం. తల మీద శిరస్త్రాణం ఆకారంలో ఉన్న జరీ టోపీ, దాని మీద సన్నటి పట్టుగుడ్డ. కాళ్లకు మాత్రం ఏమీ లేదు. దక్షిణ భారతమంతా ఎవరి పేరు చెబితే తలవంచేదో ఆ రాజు వట్టికాళ్లతో ఉన్నాడు.

ఈ రాయలు మన సినిమాల్లో దాదాపు కనిపించడు. మన మనసులో నిలిచిపోయిన రాయలకు ముఖం మీద మచ్చలుండవు. భుజకీర్తులుంటాయి, మెడనిండా హారాలుంటాయి, కాళ్లకు జరీ చెప్పులుంటాయి. ఆ పొడుగు టోపీ పోలిక ఎక్కడైనా కనిపించినా రాళ్లు పొదిగించి దాన్ని కిరీటంగా మార్చేసి ఉంటారు. ఇది రాయలు ఒక్కడికే జరిగింది కాదు. శాతవాహనుల దగ్గర్నుంచి అల్లూరి సీతారామరాజు దాకా మన తెర మీద చరిత్ర పౌరాణికాల బట్టలు తొడుక్కునే తిరుగుతోంది. "సినిమాయే కదా, బట్టలదేముంది" అని దీన్ని తేలిగ్గా తీసుకోవడం అలవాటైంది. కానీ ఒక్కోసారి బట్టలు మారితే కథే మారిపోతుంది. రాయల టోపీయే అందుకు మంచి ఉదాహరణ.

ఆ టోపీ పేరు కుల్లాయి. దాంతోపాటు తొడిగే పొడుగు చేతుల అంగీ కబాయి. రెండూ పర్షియా, అరబ్బు దేశాల దర్బారుల నుంచి దక్కనుకు వచ్చిన వేషాలు. రాయల కంటే సుమారు వందేళ్ల ముందే ఇవి విజయనగరంలో స్థిరపడ్డాయి. అప్పటి విజయనగర రాజు ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్లిన శ్రీనాథుడు తన పాట్లు చెప్పుకున్న చాటువులో "కుల్లాయుంచితి" అనే మొదలుపెడతాడు. కుల్లాయి పెట్టుకున్నాను, కోక చుట్టుకున్నాను, పెద్ద కూర్పాసం (రవికలాంటి పైతొడుగు) తొడుక్కున్నాను, వెల్లుల్లి తిన్నాను, అయినా కన్నడ రాజ్యలక్ష్మికి నా మీద దయ రాలేదేం అని ఆయన మొర. ఆ కొలువులో అడుగుపెట్టాలంటే కవి సార్వభౌముడైనా అక్కడి వేషం వేసుకోవలసిందేనని దీన్నిబట్టి తెలుస్తుంది. అదే ప్రౌఢదేవరాయల్ని 1443లో చూసిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ కూడా రాజు శాటిన్ అంగీలో, ముత్యాల కంఠాభరణంతో ఉన్నాడని రాశాడు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో మగవాళ్ల వరసను చూస్తే తెల్లటి పొడుగు అంగీలు, నిటారుగా లేచిన కుల్లాయిలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక తిరుమల. అక్కడి గుడిలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయల లోహ విగ్రహాన్ని లక్షల మంది చూశారు. పైన బట్ట లేదు, నడుముకు పంచె ఉంది, తల మీద కుల్లాయి ఉంది. దేవుడి ముందు అంగీ తీసేసిన రాజు టోపీ మాత్రం తియ్యలేదు. చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ 1996లో రాసిన వ్యాసంలో ఈ తేడానే పట్టుకున్నాడు. కొలువులో కుల్లాయి, కబాయి. గుడిలో ఉత్త మేను. చుట్టూ ఉన్న సుల్తానుల లోకంలో తానూ సమానుడినని చెప్పుకోవడానికి విజయనగర రాజు ఆ వేషం ఎంచుకున్నాడన్నది ఆయన వాదన.

ఇప్పుడు సినిమా దగ్గరకు వద్దాం. రాయల్ని పౌరాణిక చక్రవర్తిలా ఆభరణాలతో ముంచి, ఎదురుగా బీజాపూరు, గోల్కొండ సుల్తానుల్ని అంగీలతో, తలపాగాలతో నిలబెడితే ప్రేక్షకుడికి రెండు వేరువేరు లోకాలు ఢీకొంటున్నట్టు కనిపిస్తుంది. ఒక్క మాట పలక్కుండానే బట్టలు ఆ కథ చెప్పేస్తాయి. నిజానికి ఆ రెండు కొలువుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే దూరం నుంచి ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టమయ్యేది. వాళ్ల మధ్య యుద్ధాలు జరగలేదని దీనర్థం కాదు, చాలానే జరిగాయి. ఒకే రకం బట్టలు కట్టి, ఒకే రకం గుర్రాల కోసం పోటీపడి, ఒకరి దగ్గరి సైనికుల్ని ఇంకొకరు కొలువులో పెట్టుకున్న రాజుల మధ్య జరిగాయి. ఈ చిక్కుదనాన్ని తెర మీద చూపించే ఏకైక సాధనం ఆ టోపీ. దాన్ని తీసేయడం చిన్న పొరపాటు అనిపించుకోదు.

పేస్ రాసిన ఇంకో సంగతి చూస్తే మన రచయితలు ఎంత మంచి సన్నివేశాన్ని వదులుకున్నారో తెలుస్తుంది. రాయలు రోజూ తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవాడట. చెమటలో ఆ నూనె కారిపోయేదాకా కత్తిసాము చేసి, కుస్తీ పట్టి, వెలుగు రాకముందే గుర్రమెక్కి మైదానంలో దౌడు తీసేవాడట. హీరో పరిచయ సన్నివేశానికి ఇంతకన్నా ఏం కావాలి?

మరి మన కళ్లకు అలవాటైన ఆ కిరీటాలు, భుజకీర్తులు ఎక్కడివి? 19వ శతాబ్దపు చివరి భాగంలో రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి రవివర్మ. ఆయన బొమ్మల ముద్రణాలయం 1894లో బొంబాయిలో మొదలయ్యాక దేవుళ్లు, పురాణ పురుషులు ఒక రూపం తెచ్చుకుని ఇంటింటి గోడకూ చేరారు. రెండోది నాటకరంగం. పార్శీ నాటక కంపెనీల ముఖమల్ కోట్లు, జరీ అంచులు, ఉంగరాల విగ్గులు ఊరూరూ తిరిగాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో పుట్టిన సురభి నాటక సమాజం ఆ వైభవాన్ని తెలుగు పల్లెలకు తెచ్చింది. తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' (1932) సురభి వాళ్ల నాటకం ఆధారంగానే తయారైంది. అలా నాటకాల పెట్టెల్లోని బట్టలు స్టూడియోల కాస్ట్యూమ్ గదుల్లోకి నడిచి వచ్చాయి. పౌరాణికాలకు కుట్టించిన కిరీటాలే జానపదాలకు, జానపదాలకు వాడినవే చారిత్రకాలకు. ఖర్చు కలిసొచ్చింది, జనానికీ నచ్చింది. రాజు అంటే ఇలాగే ఉంటాడని రెండు మూడు తరాలకు ముద్రపడిపోయింది. పౌరాణికాలకు ఆ వేషం తగినదే. కృష్ణుడు ఏం కట్టుకున్నాడో చెప్పే శాసనం లేదు కనుక అక్కడ ఊహకు పూర్తి స్వేచ్ఛ ఉంది, మన కళాకారులు ఆ స్వేచ్ఛతో అద్భుతాలు చేశారు. చరిత్రలో బతికిన మనిషికి అదే వేషం వేసేటప్పటికే తేడా వస్తుంది.

శాతవాహనుల సంగతి చూడండి. దాదాపు 1,900 ఏళ్ల కిందటి రాజులు కదా, వాళ్లు ఎలా ఉండేవాళ్లో ఎవరికి తెలుసు అనుకుంటాం. బాగా తెలుసు. అమరావతి శిల్పాలు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కర్ణాటకలోని కనగనహళ్లి స్తూపం ఫలకాల మీద శాతవాహన రాజుల్ని చెక్కి, కింద వాళ్ల పేర్లే రాసిపెట్టారు. రాజు ముఖం ముద్రించిన శాతవాహన వెండి నాణేలూ దొరికాయి. ఈ ఆధారాల్లో మగవాళ్ల తలల మీద ముడులు ముడులుగా చుట్టిన తలపాగాలు కనిపిస్తాయి. బట్ట అంతా నడుము కిందే. ఆడా మగా అందరికీ చెవి తమ్మెలు బరువైన కుండలాలకు సాగి ఉంటాయి. ఆడవాళ్ల కాళ్లకు ఒకదాని మీద ఒకటిగా కడియాలు, నడుముకు పేటలు పేటలుగా మొలనూళ్లు.

ఆ చెవి తమ్మెల మీద ఒక్క క్షణం ఆగాలి. సెట్ మీద కోట్లు ఖర్చుపెట్టిన సినిమాలో కూడా రాజు చెవి తమ్మె నున్నగా, కుట్టకుండా ఉంటుంది, లేదా బిగించే రకం రింగు ఒకటి వేలాడుతుంటుంది. ముక్కు ఆకారమే మార్చేసే మేకప్‌కు సాగిన చెవి తమ్మె తయారుచేయడం పెద్ద పనేమీ కాదు. క్లోజప్‌లో అది ఒక్కటి కనిపిస్తే చాలు, ఈ మనిషి మన కాలంవాడు కాడని ప్రేక్షకుడికి చెప్పకుండానే తెలుస్తుంది. గుర్రాలదీ అదే కథ. కాలు పూర్తిగా మోపే ఇనుప రికాబు అప్పటికి మన దేశంలో లేదు. సాంచీ లాంటి చోట్ల పాత శిల్పాల్లో కనిపించేది బొటనవేలు దూర్చే తాడు ముడి మాత్రమే. రికాబు లేని రౌతు గుర్రం మీద లేచి నిలబడి రెండు చేతులా కత్తి తిప్పలేడు. ఆ సంగతి తెలిసిన దర్శకుడు యుద్ధాన్ని వేరేలా ఊహిస్తాడు. కాలాళ్లకు, ఏనుగులకు ఎక్కువ చోటిస్తాడు. ఆ యుద్ధం మనం ఇదివరకు ఎక్కడా చూడనిదవుతుంది.

కాకతీయుల దగ్గరకు వచ్చేసరికి ఆధారాలు ఇంకా చిక్కబడతాయి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి ఉంది. ఆ గుడి మదనికల్లో, అంటే స్త్రీ శిల్పాల్లో, ఒకామె కాళ్లకు మడమ ఎత్తుగా ఉన్న చెప్పులున్నాయి. 13వ శతాబ్దపు చెప్పుల డిజైన్ రాతిలో చేతికందుతుంటే దాన్ని సినిమాల్లో వాడినవాళ్లు కనపడరు. పాల్కురికి సోమనాథుడు బట్టల పేర్లు పుంఖానుపుంఖాలుగా ఇచ్చాడు: వెంజావళి, జయరంజి, మంచుపుంజము, మణిపట్టు, మహాచీని... ఈ జాబితా చదివితే ఆ కాలం అంగళ్లలో ఎన్ని రకాల నేతలు ఉండేవో అర్థమవుతుంది. మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో ఇక్కడి సన్నటి బట్టను సాలెగూడుతో పోల్చాడు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఇలాంటి సంగతులు కావ్యాల్లోంచి ఏరి ఒకచోట పెట్టి 70 ఏళ్లు దాటింది. ఓరుగల్లు వీధి సెట్ వేయాలంటే ఆ ఊరి వీధుల్ని వర్ణించిన పాత కావ్యం 'క్రీడాభిరామం' ఒక్కటి చాలు. పూటకూళ్లింట్లో ఒక రూక ఇస్తే ఏమేం వడ్డిస్తారో, కోడిపందేలు ఎలా జరుగుతాయో, పలనాటి వీరుల కథ ఎవరు పాడతారో అందులో ఉంది. మన సినిమా వీధుల్లో మాత్రం ఎప్పుడూ అవే నాలుగు కుండల దుకాణాలు, అవే రంగు పొడుల రాశులు, మధ్యలో ఓ పావురాల గుంపు.

రుద్రమదేవి విషయంలో ఆధారం ఇంకా దగ్గరగా ఉంది. ఆమె మరణాన్ని తెలిపే 1289 నాటి శాసనం నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికింది. గుర్రం మీద రాజలాంఛనమైన గొడుగుతో ఉన్న ఒక శిల్పాన్ని ఆమెదిగా పురావస్తు శాఖవాళ్లు గుర్తించారు. మగవేషంలో రాజ్యమేలిన స్త్రీ కథకు దుస్తులే ప్రాణం. ఆమె ఏ సందర్భంలో ఏం కట్టుకుంది, ఎప్పుడు గొడుగు ఉంది, ఎప్పుడు లేదు అన్నదే నాటకీయత. బంగారం ఎన్ని కిలోలు వాడారన్నది ప్రచారానికి పనికొస్తుంది కానీ ఆ నాటకీయతకు పనికిరాదు.

సెట్ల విషయంలో మన సినిమాల్లో మళ్లీ మళ్లీ జరిగే తప్పు ఒకటుంది. గుడిని తెచ్చి రాజమహలు చేస్తారు. చెక్కిన రాతి స్తంభాలు, యాళి (సింహంలాంటి ఊహా జంతువు) బొమ్మలు, మధ్యలో సింహాసనం. దేవుడికి రాయి, మనిషికి కర్ర, ఇటుక, సున్నం అన్నది ఆనాటి కట్టడాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి. హంపీలో గుళ్లు నిలిచి, మహళ్లు పోవడానికి కారణం ఇదే. రాచనగరులోని సభామంటపం దగ్గర ఇప్పుడు మిగిలింది ఎత్తైన రాతి అరుగు, దాని మీద వరసకు పది చొప్పున పది వరసల్లో స్తంభాలు నిలిపిన గుంటలు. అక్కడ నూరు కర్ర స్తంభాలుండేవి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాతి మంటల్లో అవి కాలిపోయాయి. పేస్ అయితే గోడలు, స్తంభాలు అన్నీ దంతంతో చేసిన గది గురించి కూడా రాశాడు. స్తంభాల చివర్న గులాబీలు, తామరలు చెక్కి ఉన్నాయట. రంగులద్దిన కర్ర స్తంభాల మధ్య నూనె దీపాల వెలుగులో రాయల కొలువును ఊహించుకోండి. ప్లాస్టర్‌తో పోసిన బూడిదరంగు రాతి స్తంభాల కన్నా అది ఎంత వెచ్చగా, ఎంత కొత్తగా ఉంటుందో! అమరావతి శిల్పాల్లోని నగరాలూ అంతే, కర్ర మేడలు, గుర్రపు నాడా ఆకారం కిటికీలు, వంపు తిరిగిన పైకప్పులు. ఓరుగల్లు కీర్తితోరణాలు కూడా స్వయంభూ దేవాలయానివే. వాటిని కోట సింహద్వారాలుగా చూపడం మనకు అలవాటైపోయింది. అక్కడే పక్కన కమానులతో ఉన్న ఖుష్ మహల్ 1323లో కాకతీయుల పతనం తర్వాతిది. కాబట్టి రుద్రమ నడిచే దారిలో కమాను కనిపిస్తే తప్పు, రాయలు నడిచే దారిలో కనిపిస్తే తప్పులేదు. హంపీలోని లోటస్ మహల్ కమానులు అందుకు సాక్ష్యం.

1951 నాటి 'మల్లీశ్వరి' గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎ.కె. శేఖర్ కళాదర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాలో అందరికీ గుర్తుండిపోయేది సత్రంలో వానకు తలదాచుకున్న ఘట్టం. మారువేషంలో ఉన్న రాయలు, పెద్దన మామూలు బాటసారుల్లా కూర్చుని మల్లి ఆట చూస్తారు. రాయలు ఆ సినిమాలో అందరికన్నా దగ్గరి మనిషిగా అనిపించేది ఆ కాసేపే. ఆభరణాలు తగ్గితే రాజు తగ్గిపోడని మన సినిమా ఎప్పుడో రుజువు చేసింది.

చెట్లు, పూలు, కూరగాయల సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. పెళ్లికీ పండక్కీ గుమ్మానికి వేలాడే బంతిపువ్వు అమెరికా ఖండం నుంచి వచ్చింది. పోర్చుగీసు వాళ్ల రాకకు ముందు ఇక్కడ బంతి లేదు. అంటే కాకతీయుల కొలువు సెట్‌లో పసుపు, నారింజ బంతి దండలు వేలాడితే అది గోడకు ట్యూబ్‌లైట్ బిగించినంత తప్పు. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జీడిమామిడి, బొప్పాయి, జామ అన్నీ ఆ దారినే వచ్చాయి. శ్రీనాథుడి కాలంలో కారం అంటే మిరియాలే. యుద్ధరంగం కోసం బయట తీసే దృశ్యాల్లో నేపథ్యమంతా సర్కారు తుమ్మ. అది 19వ శతాబ్దంలో తెచ్చి నాటింది. గుర్రాల కాళ్ల కింద నలిగే తెల్లపూల మొక్క వయ్యారిభామ అయితే మరీ దారుణం, అది 1950ల తర్వాతే దేశంలో వ్యాపించింది. నాగజెముడు, కిత్తనార, జామాయిల్ చెట్లు కూడా బయట దేశాల నుంచి వచ్చినవే. కరెంటు స్తంభాల్ని గ్రాఫిక్స్‌లో చెరిపేసే శ్రద్ధలో పదో వంతు వీటి మీద పెట్టినా సరిపోతుంది. తామర, కలువ, మొగలి, సంపెంగ, మల్లె, గన్నేరు ఎటూ మనవే. మన కావ్యాల నిండా ఉన్నాయి.

రంగుల విషయంలో మాత్రం ఇప్పుడు తప్పు రెండు వైపులా జరుగుతోంది. 1856లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ మొదటి రసాయన రంగు కనిపెట్టేదాకా ప్రపంచమంతా వాడింది వేళ్లు, ఆకులు, తొక్కలు, మట్టి ఇచ్చిన రంగులే. మన తీరంలో చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, ఇనుప తుప్పును బెల్లంతో పులియబెట్టి తీసిన నలుపు, కరక్కాయ, దానిమ్మ తొక్క. కళ్లు చెదిరే గులాబీ, ఫ్లోరసెంట్ ఆకుపచ్చ పాలిస్టర్ పట్టు వీటిల్లోంచి రావు. పాత సినిమాల లోపం అది. ఈ పదేళ్లలో దానికి విరుగుడు అనుకుని ఇంకో తప్పు మొదలైంది. వాస్తవికత పేరుతో మనుషులందరికీ మట్టిరంగు గుడ్డలు, ముఖానికి మసి, భుజాల మీద బొచ్చు తోళ్లు. ఆ బొచ్చు చలిదేశాల కాల్పనిక సీరియళ్ల నుంచి వచ్చింది. ఎండ మండే దక్కనులో ఆ బరువు భుజాన వేసుకుని ఎవరు తిరుగుతారు? పేస్ చూసిన విజయనగర సైనికులు పట్టు, వెల్వెట్ కుట్టిన కవచాల్లో ఉన్నారు. లోపల తోలు పొరలు, ఇనుప రేకులు, కొన్నిటికి బంగారు పూత. లేపాక్షి చీరల్లో చారలు, గళ్లు, పూలు, హంసలు, ఒకదానికొకటి పోలిక లేని అంచులు. గతం మురికిగా ఉండేదన్న ఊహ కూడా, గతమంతా బంగారమే అన్న ఊహలాగే, ఎవరూ పరిశీలించకుండా నమ్మినదే.

కాలం దగ్గరకు వచ్చేకొద్దీ ఆధారాలు పెరుగుతాయి కానీ జాగ్రత్త పెరగడం లేదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు 1846-47లో జరిగింది. ఆయన కుటుంబానికి ఈస్టిండియా కంపెనీ ఇచ్చే తవర్జీ (భరణం) నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ అవమానం, పోయిన మాన్యాలు, రైతుల కడుపుమంట కలిసి రగిలిన పోరాటం అది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, ఆయన తలను ఏళ్ల తరబడి కోట గుమ్మానికి వేలాడదీశారు. 2019 నాటి 'సైరా నరసింహారెడ్డి'లో ఈ కథ చక్రవర్తుల మహాసంగ్రామం స్థాయికి పెరిగింది. అంత పెంచడం వల్ల అసలు గొప్పతనం తగ్గింది. మట్టిమిద్దెలు, నాపరాళ్ల ఇళ్లు ఉన్న రేనాటి పల్లెల నుంచి, నెలకు 11 రూపాయలు వచ్చే ఒక పాలెగాడు కంపెనీ మీదకు కత్తి దూశాడన్న సంగతి ఎంత పెద్ద కోట సెట్ కన్నా పెద్దది. ఇలాంటి కథల్లో తరచూ కనిపించే ఖాకీ బట్టల సంగతి కూడా గమనించాలి. ఖాకీ పుట్టిందే ఆ ఏళ్లలో, ఎక్కడో పెషావరు వైపు ఒక దళంలో. కర్నూలు, కడప వైపు అప్పుడు కనిపించేది ఎర్రకోట్లే.

అల్లూరి సీతారామరాజు అనగానే కాషాయం, విల్లంబులు గుర్తొస్తాయి. విగ్రహాల్లోనూ అదే రూపం. మన్యం వీరుల చేతుల్లో విల్లు ఉన్న మాట నిజమే. కానీ 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా చేసిన దాడులు తుపాకులు, మందుగుండు కోసం. తీసుకెళ్లిన సామాన్లకు ఆయన స్టేషన్ రికార్డుల్లో లెక్క రాసి సంతకం పెట్టాడని చెబుతారు. ఆయనను విల్లుతోనే చూపిస్తే ఋషిలాంటి వీరుడు కనిపిస్తాడు. తుపాకీతో కూడా చూపిస్తే పథకం వేసే సేనాని కనిపిస్తాడు. రెండేళ్లపాటు మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ను తిప్పలు పెట్టినవాడు ఆ రెండో మనిషి కూడా.

ఇవన్నీ తెలియక జరుగుతున్నాయా అంటే, చాలావరకు కాదు. మన ఆర్ట్ డైరెక్టర్లలో, కాస్ట్యూమ్ డిజైనర్లలో మ్యూజియాలు తిరిగి స్కెచ్‌లు వేసుకునేవాళ్లున్నారు. చిక్కంతా తర్వాత వస్తుంది. తలపాగా పెడితే హీరో జుట్టు కనపడదు. అంగీ తొడిగితే జిమ్‌లో పెంచిన కండలు కనపడవు. వట్టికాళ్లతో నడిపిస్తే స్లో మోషన్ షాట్‌కు బరువు రాదంటారు. నగలు ఇచ్చే షోరూం వాళ్ల కొత్త కలెక్షన్ కనిపించాలి. హీరో, హీరోయిన్ల బట్టల మీద నెలలు గడిచి, వెనకాల నిలబడే మూడు వందల మంది జూనియర్ ఆర్టిస్టులకు బట్టలు అద్దెకు తెచ్చేసరికి షూటింగ్ రేపనే టెన్షన్. అందుకే ముందు వరస 13వ శతాబ్దంలో, వెనక వరస గత సంవత్సరపు జానపద సీరియల్‌లో ఉంటుంది. వీటన్నిటికీ పైన ప్రేక్షకుల భయం. రాయలు టోపీ పెట్టుకుంటే ఎవరి మనసు నొచ్చుకుంటుందో, మచ్చలు చూపిస్తే ఏ సంఘం ధర్నా చేస్తుందో అని. ఆ భయం నిజమైనదే. దానికి విరుగుడు కూడా సినిమావాళ్ల చేతిలోనే ఉంది: తిరుమల విగ్రహాన్ని పోస్టర్ మీద పెట్టి, ఇదిగో రాయలు అని చెప్పడం.

మార్చుకోక తప్పనివీ ఉన్నాయి, వాటిని తప్పులుగా లెక్కపెట్టకూడదు. భాష అలాంటిది. శాతవాహనుల ప్రాకృతంలో సినిమా తీస్తే ఎవరూ చూడరు. దివిటీల వెలుగులో తీస్తే ముఖాలు కనిపించాలి కనుక లైట్లు పెట్టాల్సిందే. అన్నిటికన్నా కష్టమైనది ఆడవాళ్ల పైబట్ట. అమరావతిలో గానీ రామప్పలో గానీ శిల్పాల్లోని స్త్రీలకు చాలాచోట్ల రొమ్ము మీద బట్ట ఉండదు. దాన్ని తెర మీద పెట్టడం ఇవాళ సాధ్యం కాదు, పెట్టమని అడగడం నటికి న్యాయమూ కాదు. అలాగని హుక్కులు, ప్యాడ్‌లు, వెనక డోరీలు ఉన్న పెళ్లి జాకెట్టు తొడగడం ఒక్కటే దారి కాదు. కుట్టు లేని పలుచటి వస్త్రాన్ని రొమ్ముకు చుట్టి వెనక ముడివేసే కట్టు ఉంది, కూర్పాసం ఉంది, పైన ఉత్తరీయం ఉంది. వీటితో నటి మర్యాదకు భంగం రాదు, కాలానికి దూరమూ కాదు. రాయల కాలానికి వస్తే ఆ ఇబ్బంది కూడా చాలావరకు తీరిపోతుంది. 15, 16 శతాబ్దాల తెలుగు కవిత్వంలో రవిక మాట వినిపిస్తుంది. చీరల కట్టు, కొంగు నిలిచే తీరు, కొప్పు ముడి, నగల అమరిక అన్నీ లేపాక్షి పైకప్పు మీద రంగులతో సహా ఉన్నాయి. అనంతపురం వైపు లొకేషన్లు చూడటానికి వెళ్లే యూనిట్లు హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు పక్కకు వెళితే చాలు, రాయల కాలపు కాస్ట్యూమ్ పుస్తకం మొత్తం తల పైకెత్తి చదువుకోవచ్చు.